ఒక్కరికి సరిపోయే టెంటు

మా ఆయన ఫోను చూస్తూ నవ్వుతుంటే నాకు అనుమానం రాదు. నవ్వకుండా చూస్తేనే వస్తుంది. నవ్వే వీడియోలు లోకమంతా చూస్తుంది. పళ్ళెంలో అన్నం చల్లారిపోతుంటే, సౌండు పూర్తిగా తీసేసి, కళ్ళు చికిలించి ఒక మనిషి గంటసేపు ఏదో చూస్తున్నాడంటే అందులో సంగతి ఉన్నట్టే. అట్లా వారం రోజులు చూశాడు. నేను దగ్గరికి వెళితే ఫోను బోర్లా పెట్టాడు. అది చాలు నాకు.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. మిర్యాలగూడలో మాకు రైస్ మిల్లు ఉంది. మర ఆడించేది మా ఆయన, వడ్లు కొనేది నేను. మా మామగారు కాలు విరిగి మంచాన పడ్డ ఏడు, వేరే దిక్కులేక నన్ను కాంటా దగ్గర కూర్చోబెట్టారు. ఆయన లేచి తిరిగాక కూడా నన్ను లెమ్మనలేదు. వడ్లు కొనేవాళ్ళకు అనుమానం జబ్బు కాదు, పని. బస్తా పైన ఉన్న గింజలు ఎప్పుడూ బాగా ఎండే ఉంటాయి. నేను పైవి చూడను. ఇనుప గొట్టం అడుగుదాకా గుచ్చి, లోపలి గింజలు అరచేతిలో పోసుకొని, ఒకటి పంటికింద పెడతాను. టక్కున విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. మిగతావి నోటితో ఊదుతాను. ఎగిరిపోయిందంతా తాలు, చేతిలో మిగిలిందే ధాన్యం. ఊదకముందు నన్ను అక్కా అని పిలిచే రైతులు ఊదిన తర్వాత ఏమని పిలుస్తారో నాకు తెలుసు. పట్టించుకోను.

ఆయన స్నానానికి పోయినప్పుడు ఫోను తీసి చూశాను. భయపడినంత ఏమీ లేదు. అన్నీ టెంట్లు. గుట్టల మీద, అడవుల్లో, మంచులో, పచ్చనివి, నారింజ రంగువి, బుడ్డ బుడ్డ గుడారాలు. ఒక్క క్షణం నవ్వొచ్చింది. తర్వాత ఒక్కొక్కటి తెరిచి కింద రాసింది చదివితే నవ్వు ఆగిపోయింది. ప్రతిదాని కింద ఒకే మాట ఉంది: ఒక్కరికి.

మా ఊళ్ళో టెంటంటే పెళ్ళికో చావుకో ఇంటి ముందు వేసే షామియానా. కిరాయికి తెచ్చి మర్నాడు పంపేస్తారు. సొంతానికి కొనేవాడెవడూ నాకు తెలియదు. కొన్నా, ఒక్క మనిషి పట్టే టెంటు ఎవరు కొంటారు? ఇంట్లో భార్య ఉంది, మంచం ఉంది, పైన ఫ్యాను ఉంది.

ఆయన తల తుడుచుకుంటూ రాగానే ముఖం మీదే అడిగేశాను.

"టెంట్లు ఎందుకు చూస్తున్నరు?"

దొరికిపోయిన ముఖం పెట్టలేదు. అదీ అనుమానమే. "ఒకటి కొందామనుకుంటున్న," అన్నాడు. "దేవరకొండ దాటినంక మనకు వడ్లేసే రైతు ఉన్నడు గద. ఆయన చెల్క వెనక గుట్ట ఉన్నది. ఒక రాత్రి గాడ పండుకొని వస్త. ఆయన్ను అడిగిన, రమ్మన్నడు."

"ఎవరెవరు పోతున్నరు?"

"నేనే."

"మరి నేను?"

"నువ్వెందుకు? ఆ గుట్ట నువ్వు ఎక్కలేవు," అని తువ్వాల దండెం మీద వేసి, చొక్కా వేసుకొని మిల్లుకు పోయాడు. తిరుపతి మెట్లు నడిచి ఎక్కిన దాన్ని నేను. దారిలో ఆయన మూడు చోట్ల కూలబడితే నేనే సోడా కొనిచ్చి లేపుకొచ్చాను.

భయం ఎక్కడ మొదలైందో చెప్పకపోతే నేను ఊరికే సతాయించే మనిషిని అనుకుంటారు. మా ఆయనకు ఒక చిన్నాన్న ఉండేవారు. నెమ్మదస్తుడు, ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. ఒకరోజు దుప్పటి ఒకటి చంకన పెట్టుకొని, రెండు రోజుల్లో వస్తానని చెప్పి పోయారు. కొన్నాళ్ళకు ఎక్కడో ఆశ్రమంలో ఉన్నారని తెలిసింది. ఇంట్లోవాళ్ళు పోయి బతిమాలితే మజ్జిగ ఇచ్చి పంపారట. ఇంటికి మళ్ళీ రాలేదు. ఆయన భార్య, మా చిన్నత్తమ్మ, చివరిదాకా వాకిట్లో చప్పుడైతే తలెత్తి చూసేది. కొత్త కోడలిగా నేను అది కళ్ళారా చూశాను. మా ఆయన ముఖం, నడక, ఆ మాట్లాడకపోవడం, అన్నీ ఆ చిన్నాన్నవే అని ఇంట్లో అందరూ అంటారు. అందుకని నా భయం ఒక్కటే, ఈ మనిషి పోతే రాడేమో అని.

ఆ కన్నుతో చూస్తే అన్నీ దానికే సాక్ష్యాలు. కొన్ని నెలలుగా పిలిస్తే పలకడం లేదు. రెండోసారి పిలిస్తే "ఆఁ, ఆఁ" అంటాడు, చెప్పింది చెయ్యడు. మా పడకగది కిటికీ మిల్లు వైపు ఉంటుందని వెనక గదిలోకి మంచం మార్చుకున్నాడు. ఫ్యాను కూడా వద్దన్నాడు. ఒకసారి భోజనం మధ్యలో ఆగి, "మర బంద్ చేసిండ్రా లేదా?" అని అడిగాడు. బంద్ చేసి చాలాసేపయింది. తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయి. మనసు ఇంట్లో లేని మనిషే అట్లా అడుగుతాడు. మనసు వెళ్ళిపోయాక మనిషి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుంది?

ఆపితే ఆగే రకం కాదు. అందుకని, "కొనేటప్పుడు నేను గూడ వస్త. మీకు కొనుడు రాదు," అన్నాను. అది నిజమే కాబట్టి కాదనలేకపోయాడు. టెంటు దేనికి కొంటున్నాడో తెలియాలంటే టెంటును ఎట్లా ఏరుతున్నాడో చూడాలని నా లెక్క.

సూర్యాపేటలో క్రికెట్ బ్యాట్లు, క్యారమ్ బోర్డులు అమ్మే ఒక దుకాణంలో టెంట్లు కూడా పెట్టారని ఎవరో చెబితే ముందు అక్కడికి పోయాం. యజమాని హుషారైన మనిషి. నీళ్ళ సీసా అంత సంచి తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు.

"పట్టి సూడుండ్రి సార్. కిలో గూడ లేదు. భుజానికేస్తే ఉన్నట్టే తెల్వదు."

మా ఆయన దాన్ని చేత్తో పైకి కిందికి ఊపి చూసుకున్నాడు. కళ్ళలో వెలుగొచ్చింది. నాకేమో ఒళ్ళు మండింది. నా బతుకంతా తేలికగా ఉన్నదాన్ని ఊదిపారేసిన బతుకు. తేలికంటే లోపల గింజ లేనట్టు. టార్పాలిన్ పట్టాలు కొనేటప్పుడు కూడా అంతే, ఇద్దరు మోసే బరువు ఉంటేనే కళ్ళంలో ధాన్యం మీద కప్పుతాం. అటువంటిది వీడెవడో తేలికదని గొప్పగా చెప్పి అమ్ముతున్నాడు, ఈయన మురిసిపోతున్నాడు.

"తూకమెయ్యి," అన్నాను.

"మీద రాసే ఉన్నది మేడం."

"రాసింది నేను సదువుత. నువ్వు తూకమెయ్యి."

అతని దగ్గర కాంటా లేదు. పక్కన కిరాణా కొట్లోకి తీసుకుపోయాం. శెనగపప్పు తీసి టెంటు పెడితే, రాసినదానికంటే బాగా ఎక్కువ తూగింది. దుకాణం ఆయన తల గోక్కున్నాడు. "కంపెనీవాళ్ళు బట్ట, కర్రలు మాత్రమే లెక్క కడతరు మేడం. సంచి, తాళ్ళు, మేకులు అందుల రావు."

"మేకులు లేకుంటె ఇది నిలబడతదా?"

"నిలబడది."

"మరి మేకులు లేని తూకం ఎవరి కోసం రాసిండ్రు?"

కిరాణా కొట్టాయన కిసుక్కున నవ్వాడు. మా ఆయన మాత్రం ఎవరో తనను తిట్టినట్టు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

తిరిగి దుకాణంలోకి పోయి టెంటు విప్పించాను. సగం లేచింది, సగం వాలిపోయింది. దానికి సొంత కర్రలు లేవట, కొండ ఎక్కేవాళ్ళు చేతిలో పట్టుకునే ఊతకర్రలే నిలబెట్టాలట. బట్ట ఒకటే పొర. అది చూసి నేను ఒప్పుకోలేదు. పచ్చి వడ్ల మీద గాలాడకుండా పట్టా కప్పితే పొద్దున్నకల్లా లోపల చెమటపట్టి గింజ రంగు మారుతుంది. మనిషి ఊపిరి కూడా తడే కదా. ఒకటే పొరైతే ఆ తడంతా తెల్లవారేసరికి పడుకున్నవాడి మీదే కారుతుంది. ఈ మాట చెబితే దుకాణం ఆయన, "ఆ మాట నిజమే మేడం, అప్పుడప్పుడు అయితది," అని ఒప్పుకున్నాడు. అడగకపోతే చెప్పేవాడా?

ఇంకొక పరీక్ష కూడా పెట్టాను. ఇది టెంటుకు కాదు. మా ఆయన ముఖం చూస్తూ, "ఇందుల ఇద్దరు పట్టరా?" అని దుకాణం ఆయన్ను అడిగాను. "కష్టం మేడం. ఒక మనిషి, ఒక బ్యాగు, అంతే," అన్నాడు. మా ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. సరే, ఆ రకం అనుమానం ఒకటి అక్కడితో ఖతం. ఇంకొకతెను తీసుకుపోయేవాడైతే కనీసం వెడల్పన్నా చూసుకుంటాడు.

"పొడుగు సరిపోతదో లేదో పండుకొని సూడుండ్రి సార్," అన్నాడు దుకాణం ఆయన. మా ఆయన చెప్పులు విడిచి లోపలికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. పాదాలు రెండూ బయటికొచ్చాయి. సగం లేచిన బట్ట మెల్లగా జారి ముఖం మీద పడింది. ఆయన దాన్ని తీసేయలేదు. చేతులు పక్కన పెట్టుకొని, కదలకుండా, ఆ బట్ట కింద అట్లాగే ఉండిపోయాడు. దుకాణం ముందు ఇద్దరు ముగ్గురు ఆగి తొంగిచూశారు.

"లేవుండ్రి," అన్నాను. లేవలేదు. "లేవుండ్రి అంటున్న," అని పాదం పట్టి గుంజాను. అప్పుడు బట్ట తీసి చూశాడు. "ఏమైంది?" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

లేచి కూర్చుని దుకాణం ఆయన్ను ఒకే ఒక ప్రశ్న అడిగాడు. వాన గురించి కాదు, పాముల గురించి కాదు. "గాలికి ఈ బట్ట చప్పుడు చేస్తదా?" అని. చేస్తుందని అతను చెప్పగానే, అంతసేపు ఇష్టంగా పట్టుకున్న టెంటును పక్కన పెట్టేశాడు. నా తూకానికీ నా చెమటకూ లొంగని మనిషి ఆ ఒక్క మాటకు వద్దనుకున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం కానిది నేను మర్చిపోను.

వాడిన టెంటు ఒకటి కోదాడలో అమ్మకానికి ఉందని ఫోనులో ఆయనే చూపించాడు. నాకు వాడినదైతేనే నయమనిపించింది. బియ్యమైనా పాతవే నమ్ముతాం మేము, కొత్తవి ఎట్లా ఉడుకుతాయో ఎవరికి తెలుసు? ఒక వాన చూసిన టెంటైతే దాని గుణం బయటపడే ఉంటుంది.

అమ్మే అబ్బాయి ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. ఈ మధ్యే పెళ్ళయిందట, గుమ్మానికి కట్టిన మామిడాకులు ఎండినా ఇంకా తీయలేదు. వెళ్ళేసరికే మేడ మీద టెంటు వేసి ఉంచాడు. దీనికి సొంత కర్రలున్నాయి, రెండు పొరలున్నాయి, మధ్యలో గాలాడే సందుంది. ఎవరూ పట్టుకోకుండానే నిలబడింది. ఆ పిల్లవాడు నేను అడగకముందే మొదలుపెట్టాడు.

"సంచి, మేకులతో కలిపి కిలోన్నర ఉంటుందండి. ఇంతకంటే తేలికవి ఉన్నాయి గానీ అవి సుఖంగా ఉండవు. ఇదిగో, ఇక్కడ పిల్లి గోరు పడి చిన్న చిరుగు పడిందండి. టేపు వేశాను. చూసుకోండి."

అడగకుండా లోపం చెప్పేవాళ్ళను నేను అసలు నమ్మను. ఒక బస్తాలో రాళ్ళున్నాయని తనే చూపించే రైతు మిగతా బస్తాల మీద నా చెయ్యి పడకుండా చూస్తాడు. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని కుట్లన్నీ తడిమాను. జిప్పులు పదిసార్లు లాగాను. లోపల తల పెట్టి వాసన చూశాను, ముక్కిన వాసన లేదు. ఒక చెంబు నీళ్ళు అడిగి పైన కుమ్మరించాను. నీళ్ళు ముత్యాల్లా దొర్లిపోయాయి. లోపల చెయ్యి పెడితే పొడిగా ఉంది. ఇక మిగిలింది ఒక్కటే.

"ఇంత మంచిదాన్ని ఎందుకు అమ్ముతున్నవు బాబూ?"

ఆ పిల్లవాడు సిగ్గుపడ్డాడు. మజ్జిగ గ్లాసులు తెచ్చిన భార్య వైపు చూసి, "పెళ్ళయింది కదండీ ఆంటీ. ఇంక ఒక్కడికి సరిపోయేది నాకెందుకండి?" అన్నాడు. ఆ పిల్ల పళ్ళెం అడ్డం పెట్టుకొని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. పెళ్ళయిందని ఒకడు అమ్ముతున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయిన ఒకడు కొంటున్నాడు. మా ఆయన వైపు చూశాను. ఆయన మా మాటలేవీ విన్నట్టు లేడు. టెంటు పక్కన గొంతుక్కూర్చుని ఆ పిల్లవాడి ముఖంలోకే చూస్తూ అడిగాడు.

"రాత్రి లోపల పండుకుంటె ఏం వినిపిస్తది?"

"ఏమీ వినిపించదండి," అన్నాడు ఆ పిల్లవాడు. "గాలి లేని రాత్రయితే అసలు ఏమీ ఉండదు. మొదటిసారి నాకు భయమేసింది కూడా. చెవులు మూసుకుపోయాయేమో అనుకున్నాను."

మా ఆయన ముఖం మారిపోయింది. పస్తున్న మనిషి పక్కింట్లో తాలింపు వాసన పీల్చినప్పుడు ఉంటుందే, అట్లా అయింది. బేరం కూడా ఆడకుండా, "తీసుకుంట," అన్నాడు. నేను గిల్లినా ఆగలేదు.

ఏమీ వినిపించని చోటు కావాలట. ఆ చిన్నాన్న కూడా ప్రశాంతత అనే పోయారు. కారు హుజూర్‌నగర్ దాటేదాకా ఆయన చంకన పెట్టుకొని పోయిన దుప్పటే నా కళ్ళ ముందుంది.

నేరేడుచర్ల ఇంకొంచెం దూరం ఉందనగా, ఇంకా ఎండ పొద్దు ఉండగానే, ఆయన కారు పక్కకు తీసి ఇంజను ఆపాడు. రెండు వైపులా పొలాలు. అద్దాలు దించాడు.

"ఏమన్న వినిపిస్తుందా?" అన్నాడు.

"ఏం వినిపియ్యాలె?"

"మిల్లు."

చెవులు రిక్కించి విన్నాను. దూరంగా పొలంలో మోటరు, రోడ్డు మీద ఒక లారీ, ఏదో పిట్ట. "గీడ మిల్లు యాడిది?" అన్నాను.

ఆయన నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు. "నాకు వినిపిస్తుంది. మర బంద్ చేసినా వినిపిస్తుంది. అన్నం తింటుంటె వినిపిస్తుంది, కండ్లు మూసినా వినిపిస్తుంది. నువ్వు మాట్లాడుతుంటె నీ మాట మీదికెల్లి వినిపిస్తుంది. మస్తు రోజులయింది."

"మరి దవాఖానకు పోవాలె గద. గుట్టలెందుకు?"

"పోతె ఏమంటడు? మర దగ్గర నిలబడకు అంటడు. మర దగ్గర నిలబడకపోతె నేనేం చెయ్యాలె చెప్పు?" స్టీరింగ్ మీద చెయ్యి రాశాడు. "అది నా చెవులల్ల ఉన్నదా, బయట ఉన్నదా, ముందు గది తెలవాలె. మిర్యాలగూడల మిల్లు. నేరేడుచర్లల మిల్లు. నిడమనూరు దిక్కు పోయినా, కోదాడ పోయినా మిల్లే. గీ చుట్టుపక్కల మోత లేని జాగ యాడున్నది? ఆ గుట్ట మీద కరెంటు తీగ గూడ లేదు. గాడ వినిపియ్యలేదనుకో, ఇది మిల్లుదే. గాడ గూడ వినిపిస్తె..."

"నన్ను రావద్దంటిరి ఎందుకు?"

"నువ్వుంటె మాట్లాడుతవు. నిద్రల గురక గూడ పెడతవు."

"నేనా?"

"నువ్వే. మొన్నటిదాక నాకు మంచిగ వినిపించేది," అని కారు స్టార్ట్ చేశాడు.

ఆ క్షణమే నేను కరిగిపోయి ఆయన చెయ్యి పట్టుకున్నానని రాయాలని ఉంది. పట్టుకోలేదు. నమ్మలేదు. పెళ్ళాన్ని వదిలి పోదామనుకున్నవాడు ఏ కథ అల్లుతాడు? సరిగ్గా ఇటువంటిదే. కనపడే గాయం లేదు, సాక్షి లేడు, వింటే జాలేస్తుంది. ఇన్నాళ్ళూ చెప్పనిది, టెంటు డిక్కీలో పడ్డాకే ఎందుకు చెప్పాడు? ఇల్లు చేరేదాకా అదే ఆలోచించాను. కాకమ్మ కథే అయితే మాత్రం ఊరుకోకూడదని గట్టిగా అనుకున్నాను.

మర్నాడు పొద్దున మిల్లు కళ్ళంలో టెంటు వేసి చూద్దామన్నాడు. యాసంగి వడ్లు ఇంకా రాలేదు, మర ఆగి ఉంది. హమాలీలు లేరు. అంత పెద్ద కళ్ళం ఖాళీగా, పావురాలు తప్ప ఏమీ లేకుండా ఉంది. సిమెంటు నేలలో మేకు దిగదు కదా. మాకు తెలిసిన పద్ధతే చేశాం, పట్టాలకు పెట్టినట్టు మూలకొక తవుడు బస్తా లాగి పెట్టి తాళ్ళు వాటికి కట్టాం. గుట్ట మీద బస్తాలు ఎక్కడివని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

ఆయన మూల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, నాకు వీపు పెట్టి తాడు బిగిస్తున్నాడు. నేను వెనక, ఇంకొక బస్తా మీద కూర్చున్నాను. మా మధ్య ఒక మంచమంత దూరం ఉంది. ఎదుటపడి అడిగితే నిజం రాదు, అది నాకు తెలుసు. మనిషికి తెలియకుండా చూడాలి.

ఇంట్లో మాట్లాడే గొంతుతోనే, "ఏమండీ, చాయ తాగుతరా?" అన్నాను.

తాడు బిగిస్తూనే ఉన్నాడు. సరే, పనిలో ఉన్నవాడు చాయ మాటకు పలకకపోవచ్చు. ఎటువంటి మిల్లు మనిషైనా ఎగిరిపడే మాట ఒకటుంది. అదే గొంతుతో అన్నాను. "పెద్ద మోటరు కాలిపోయిందట."

పావురం ఒకటి లేచి రేకుల మీద వాలింది. ఆయన ముడి ఒకసారి లాగి చూసి, నచ్చక విప్పి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. మెడ కూడా కదలలేదు. ఆ మెడను చూస్తూ కూర్చున్నాను. వెనక జుట్టు నెరిసింది, చొక్కా కాలరు దగ్గర తవుడు దుమ్ము ఉంది. పిలిస్తే పలకడం లేదని ఎన్నిసార్లు అలిగానో, అన్నిసార్లూ ఈ మెడ ఇట్లాగే ఉండి ఉంటుంది.

అప్పుడు నేను అనుకోని మాటలు వచ్చాయి. పరీక్ష అయిపోయింది, ఇక ఏమీ అననక్కర లేదు. అయినా వచ్చాయి.

"మీరు పోయి మళ్ళ రారని నాకు భయమైతంది," అన్నాను. "చిన్నత్తమ్మ లెక్క నేను గూడ వాకిట్ల చప్పుడైతే తలెత్తి సూస్కుంట కూసోవాలె కావచ్చు. గది నాతోని కాదు. మీరు లేకుంటె నాకు ఈ మిల్లు వద్దు, ఏం వద్దు. చెవులు పోతె పోనియ్యుండ్రి, మీరు రావాలె."

ఇన్నేళ్ళ కాపురంలో ఇటువంటి మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయన ముడి బిగించి, చేతులు దులుపుకొని, మూల బస్తాను అరచేత్తో తట్టి సర్దుకున్నాడు. నా వైపు చూడలేదు.

నా ముందు ఎంతమంది అబద్ధాలాడారో, ఎన్ని పట్టుకున్నానో. పట్టుకున్న ప్రతిసారీ సంతోషమే. ఆ పొద్దున మాత్రం ఈయన చెప్పింది అబద్ధమై ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. ఆశ్రమమో, ఇంకేదో, అబద్ధం చెప్పి పోయే మనిషైతే వెనకబడి పోయి, కొట్లాడి, గుంజుకొచ్చేదాన్ని. దీన్నేం చెయ్యాలి? ఏడుపొచ్చింది. బయటికే ఏడ్చాను, ఎట్లాగూ వినపడదు కదా.

ముఖం కొంగుతో తుడుచుకొని లేచాను. టెంటు చుట్టూ తిరిగి పోయి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆయన తలెత్తి, ఎర్రబడ్డ నా కళ్ళు చూసి, "ఏమైంది?" అన్నాడు. ఎండ నా ముఖం మీద పడేటట్టు జరిగి, పెదవులు బాగా కనపడేటట్టు, మెల్లగా, ఆ మాటలన్నీ మొదటినుంచి మళ్ళీ చెప్పాను.